ఊపిరితిత్తుల డాక్టర్లకు, ఆస్పత్రి పెద్దలకు బహిరంగ లేఖ: ముందు కఫం టెస్ట్ చెయ్యండి, ఇంటికి పంపేటప్పుడు ప్లాన్ రాసివ్వండి

ఊపిరితిత్తుల డాక్టర్లకు, క్యాజువాలిటీలో రాత్రిళ్ళు డ్యూటీ చేసే జూనియర్ డాక్టర్లకు, ఆస్పత్రులు నడిపే పెద్దలకు నమస్కారం.

మా అక్కకి బ్రాంకియెక్టాసిస్. చిన్న వయసులో టీబీ వచ్చింది, కోర్సు మొత్తం వాడింది, టీబీ తగ్గింది, కానీ అది పోతూ పోతూ ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాల్ని పాడుచేసి పోయింది. అప్పట్నుంచి కొన్నాళ్ళు బానే ఉంటుంది, తర్వాత కఫం రంగు మారుతుంది, ఎక్కువవుతుంది, ఆయాసం, జ్వరం, మళ్ళీ యాంటీబయాటిక్, తగ్గకపోతే మళ్ళీ అడ్మిషన్. తనని చూసుకునేది నేను, మా బావ, మా మేనకోడలు, వంతులవారీగా.

ఇక్కడ రాస్తున్న సంగతులన్నీ ముందు మేం చూపించుకునే ఆస్పత్రికే రాసిచ్చాం. ఫిర్యాదుల పెట్టెలో వేశాం, మెయిల్ పెట్టాం, ఓపీలో చేతికే ఇచ్చాం. "చూస్తాం" అన్నారు, అంతే, ఆ తర్వాత ఎవరూ పలకలేదు. అందుకే నలుగురికీ కనబడేలా రాస్తున్నా. ఆస్పత్రి పేరు, డాక్టర్ల పేర్లు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క చోటి గొడవ కాదు, ఇదే జబ్బున్న వేరే ఇళ్ళవాళ్ళతో మాట్లాడితే ఆస్పత్రులు మారాయి తప్ప కథ మారలేదు. మీ కష్టం మాకు తెలుసు, రెండుసార్లు ప్రాణం మీదకొస్తే అక్కని నిలబెట్టింది మీలో వాళ్ళే. ఆ రుణం ఉంది, ఉంటుంది. ఇక అసలు విషయానికొస్తా.

మేం చెప్పేది ఒక్కటే. ఈ జబ్బుకి వైద్యం జరిగేది ఎక్కువగా ఇంట్లో, రోజూ, మా చేతుల మీదుగా, మీ దగ్గరికొచ్చేది చెయ్యిదాటినప్పుడు మాత్రమే. అలాంటప్పుడు ఇంట్లో చేసేవాళ్ళకి ఏం చెయ్యాలో నేర్పకుండా, రాసివ్వకుండా, ప్రతిసారీ కొత్త కేసు వచ్చినట్టు మొదట్నుంచి మొదలుపెడితే ఎట్లా?

ఈ జబ్బు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గాలి గొట్టాలు శాశ్వతంగా వెడల్పయిపోతాయి, గోడలు దెబ్బతింటాయి, మామూలుగా కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు లాంటి వెంట్రుకలు పనిచెయ్యవు. కఫం అక్కడే నిలవ ఉంటుంది, అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది, దాంతో వాపు, ఆ వాపుతో గొట్టాలు ఇంకా పాడవుతాయి, ఇంకా కఫం నిలవ. పీటర్ కోల్ అనే బ్రిటిష్ డాక్టర్ 1986లోనే దీన్ని విషవలయం అని చెప్పాడు. జబ్బుని 1819లోనే స్టెతస్కోప్ కనిపెట్టిన లానెక్ వర్ణించాడు, అంటే ఇదేమీ నిన్న మొన్న బయటపడ్డ వింత రోగం కాదు. అయినా క్యాజువాలిటీలో మొదటి ప్రశ్న "సిగరెట్లు తాగుతారా?" తాగదు సార్, ఎప్పుడూ తాగలేదు. ఫైల్లో మొదటి పేజీలోనే ఉంది.

ఇక ఒక్కొక్కటిగా.

1. కఫం టెస్ట్‌కి పంపకుండానే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం

ఇది అన్నిటికంటే పెద్దది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా. మీ పుస్తకాల్లోనే ఉంది, ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు ముందు కఫం శాంపిల్ కల్చర్‌కి (ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి ఏవో, ఏ మందుకి చస్తాయో చూసే టెస్ట్) తీసుకోవాలి, తర్వాతే యాంటీబయాటిక్, రిపోర్ట్ వచ్చేదాకా ఆగమని ఎవరూ అనట్లేదు, పాత రిపోర్ట్ చూసి మందు మొదలుపెట్టండి, కానీ శాంపిల్ మాత్రం ముందు తీసుకోండి. జరిగేది ఏంటంటే, రాత్రి పూట వెళ్తే "ల్యాబ్ పొద్దున్నే" అంటారు, ఈలోపు ఇంజెక్షన్ పడిపోతుంది, మర్నాడు మధ్యాహ్నం ఎవరో డబ్బా ఇచ్చి ఊయమంటారు, ఎట్లా ఊయాలో చెప్పరు, నోరు నీళ్ళతో పుక్కిలించి లోపల్నుంచి దగ్గి తియ్యాలని చెప్పకపోతే జనం ఉమ్మి ఊస్తారు, ల్యాబ్ వాళ్ళు "ఉమ్మి, పనికిరాదు" అనో "ఏమీ పెరగలేదు" అనో రాస్తారు. ఏమీ పెరగలేదంటే ఏమీ లేదని కాదు కదా, అప్పటికే మందు పడిందని.

దీనివల్ల మాకు జరిగిన నష్టం చెప్తా. ఒక అడ్మిషన్లో అదృష్టం బాగుండి శాంపిల్ ముందే వెళ్ళింది. రిపోర్ట్ మాత్రం అక్క డిశ్చార్జ్ అయ్యాక వచ్చింది. అందులో సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా ఉందని ఉంది. మాకెవరూ ఫోన్ చెయ్యలేదు, తర్వాత ఓపీకి వెళ్ళినప్పుడు కూడా ఎవరూ చూడలేదు, చాలా నెలల తర్వాత వేరే పని మీద రికార్డుల సెక్షన్‌కి వెళ్తే ఆ కాగితం దొరికింది. సూడోమోనాస్ అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, చదివేవాళ్ళకి చెప్తున్నా: అది ఈ రోగుల్లో కాపురం పెడితే ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయి, అడ్మిషన్లు ఎక్కువవుతాయి, ఊపిరితిత్తులు తొందరగా దిగజారతాయి. మామూలుగా రాసే నోటి మాత్రల్లో చాలావరకు దాని మీద పనిచెయ్యవు, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఒక రకం తప్ప. మొదటిసారి కనబడ్డప్పుడే గట్టిగా మందులిచ్చి దాన్ని పూర్తిగా పోగొట్టడానికి ప్రయత్నించాలని యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2017 గైడ్‌లైన్స్‌లో ఉంది. ఆ అవకాశం మాకు ఒక్కసారి వచ్చింది, ఒక కాగితం బీరువాలో ఉండిపోవడంతో పోయింది. ఇప్పుడు అక్కకి అది శాశ్వతం. ఈ ఒక్క సంగతికి ఎవరైనా "పొరపాటైంది" అంటే చాలనుకున్నాం, అదీ రాలేదు.

కోర్సు ఎన్ని రోజులనేది కూడా మనిషికో మాట. బ్రాంకియెక్టాసిస్‌లో ఇన్ఫెక్షన్ ముదిరితే సాధారణంగా 14 రోజులు ఇమ్మంటాయి గైడ్‌లైన్స్, మాకు ఒకరు 5 రోజులు రాస్తారు, ఇంకొకరు 3. సగం చచ్చిన బ్యాక్టీరియా మళ్ళీ లేస్తుంది, మేం మళ్ళీ మీ గుమ్మం ముందు. తక్కువ రోజులు ఇవ్వడానికి కారణం ఉంటే చెప్పండి, వింటాం, కారణం చెప్పరు, అది బాధ.

2. పాత మచ్చ చూసి మళ్ళీ టీబీ మందులు

టీబీ వచ్చి తగ్గినవాళ్ళ ఎక్స్‌రేలో మచ్చలు జీవితాంతం ఉంటాయి. అక్క ఎక్స్‌రే చూసిన ప్రతి కొత్త డాక్టర్ ఉలిక్కిపడతారు. ఒకసారి కఫంలో ఏ టెస్టూ చెయ్యకుండా ఎక్స్‌రే ఒక్కటే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని దెబ్బతియ్యగలవి. అక్కకి కళ్ళు పచ్చబడ్డాక ఆపారు. తర్వాత టెస్ట్ చేస్తే టీబీ లేదు.

టీబీ తిరగబెట్టదని నేను అనట్లేదు, తిరగబెట్టొచ్చు, అందుకే టెస్ట్ చెయ్యమంటున్నా. కఫంలో టీబీ క్రిమి డీఎన్ఏని వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ టెస్ట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే ఆమోదించింది, మెషీన్లో పెట్టాక రెండు గంటల్లో తేలుతుంది. పాత టీబీ ఉన్నవాళ్ళలో చచ్చిన క్రిముల డీఎన్ఏ వల్ల కూడా అది ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తుంది కాబట్టి కల్చర్ కూడా కావాలి. టీబీకి చుట్టాల్లాంటి వేరే మైకోబాక్టీరియాలు కూడా ఈ పాడైన గొట్టాల్లో చేరతాయి, వాటికి మందులు వేరు, కోర్సు వేరు. ఇవన్నీ ఎక్స్‌రే చెప్పదు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటుంది. నిజంగా టీబీ ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్ళకి కూడా కఫం చూడకుండా లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాసేస్తారు. అది టీబీ మీద కూడా కొంత పనిచేస్తుంది, రోగికి నాలుగు రోజులు హాయిగా అనిపిస్తుంది, టెస్ట్‌లో దొరకదు, జబ్బు లోపల అలాగే ఉంటుంది, ఇంట్లో వాళ్ళకి అంటుతుంది. లేని టీబీకి మందులు, ఉన్న టీబీకి ముసుగు. రెండిటికీ విరుగుడు ఒకటే, శాంపిల్ ముందు.

3. కఫం తీసే పద్ధతి ఎవరూ నేర్పకపోవడం

అక్కకి జబ్బు పేరు తెలిసిన చాలా ఏళ్ళ దాకా మాకు ఎయిర్‌వే క్లియరెన్స్, అంటే గొట్టాల్లోంచి కఫం బయటికి తీసే పద్ధతి, అనే మాటే తెలీదు. మందులు రాశారు, ఇన్హేలర్లు రాశారు, సిరప్పులు రాశారు, వెళ్ళమన్నారు. ఈ జబ్బుకి పునాది వైద్యం ఇదేనని, రోజూ పళ్ళు తోముకున్నట్టు చెయ్యాలని చెప్పింది ఓ ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి, అదీ వేరే పేషెంట్ కోసం వార్డుకొచ్చి అక్క దగ్గు విని ఆగి చెప్పింది. ఆ అమ్మాయి అరగంటలో నేర్పింది మాకు అప్పటిదాకా రాసిన మందుల చీటీలన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఏం నేర్పిందంటే: ముందు మామూలుగా ఊపిరి, భుజాలు వదిలేసి. తర్వాత మూడు నాలుగు లోతైన శ్వాసలు, లోపల కాసేపు పట్టి. మళ్ళీ మామూలు ఊపిరి. తర్వాత గొంతు తెరిచిపెట్టి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని బలంగా వదలడం, దాన్ని హఫ్ అంటారు. కఫం పైకొచ్చాక అప్పుడు దగ్గడం. ఊరికే దగ్గి దగ్గి అలిసిపోవడం కాదు. దెబ్బతిన్న భాగం పైకుండేలా పడుకుని చేస్తే ఇంకా బాగా దిగుతుంది, అందుకు ఏ భాగం దెబ్బతిందో సిటీ స్కాన్ చూసి చెప్పాలి, అది మీరే చెప్పగలరు. భోజనం చేసిన వెంటనే చెయ్యకూడదు. రక్తం పడుతుంటే ఆపి అడగాలి. చేత్తో పట్టుకుని ఊదితే లోపల అదురు పుట్టించే చిన్న పరికరాలు కూడా ఉన్నాయి, ఒక్కడే చేసుకునేవాళ్ళకి పనికొస్తాయి.

వరస కూడా ముఖ్యం. ముందు గొట్టాలు తెరుచుకునే మందు, తర్వాత ఉప్పునీటి నెబ్యులైజేషన్ (మిషన్‌తో పొగమంచులా చేసి పీల్చేది) రాసి ఉంటే అది, తర్వాత కఫం తియ్యడం, యాంటీబయాటిక్ పీల్చేది ఉంటే ఆఖర్న, శుభ్రమైన గొట్టాల్లోకి. మేం చాలాకాలం అంతా తలకిందులుగా చేశాం ఎందుకంటే చీటీ మీద పేరు, పూటలు తప్ప వరస ఉండదు. ఉప్పునీరు కొందరికి ఛాతీ పట్టేస్తుంది, అందుకే మొదటి డోసు మీ కళ్ళ ముందు ఇవ్వాలి, మాకు మాత్రం "ఇంట్లో పెట్టుకోండి" అని పంపారు. నెబ్యులైజర్ కప్పు వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలని కూడా ఎవరూ చెప్పరు, తడి కప్పులో పెరిగే క్రిములే మళ్ళీ లోపలికి పోతాయి, ఒకపక్క ఇన్ఫెక్షన్ తగ్గించడానికి మందిస్తూ ఇంకోపక్క మిషన్‌తో ఇన్ఫెక్షన్ ఎక్కించినట్టు.

మీకు టైమ్ లేదు, ఒప్పుకుంటా. ఓపీ బయట క్యూ నేనూ చూశా. కానీ ఇది డాక్టరే నేర్పాలని ఎవరన్నారు? ఒక ఫిజియోథెరపిస్ట్ చాలు. చాలాచోట్ల ఆ మనిషి ఎముకల వార్డుకే అంకితం.

4. ఆక్సిజన్, స్టెరాయిడ్ చేతికొచ్చినట్టు

అక్కకి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే గుణం ఉందని బ్లడ్ గ్యాస్ రిపోర్ట్‌లో ఉంది. ఇలాంటివాళ్ళకి రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంచాలి, 100 కాదు. ఇది నా మాట కాదు, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే ఇంకో దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగుల మీద ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్స్ స్థాయిలో ఒక స్టడీ చేశారు, 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది: ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినవాళ్ళతో పోలిస్తే కొలిచి ఇచ్చినవాళ్ళలో మరణాలు సగం కంటే ఎక్కువే తగ్గాయి. ఒక రాత్రి అక్కకి పెద్ద మాస్క్ పెట్టి ఫుల్లుగా వదిలారు, మానిటర్ మీద నంబర్ అందంగా ఉంది, మనిషి మాత్రం మత్తుగా, పిలిస్తే పలకట్లేదు. మా మేనకోడలు "తగ్గించండి" అంటే "నువ్వు డాక్టరువా" అన్నారు. కాదు. కానీ ఫైలు చదివింది.

స్టెరాయిడ్లు కూడా అంతే. ఆయాసం అనగానే కోర్సు, తగ్గాక కూడా ఎవరూ ఆపమనరు. సీఓపీడీలో ఎక్కువయినప్పుడు 5 రోజుల కోర్సు 14 రోజులకి తీసిపోదని 2013లోనే తేలింది. ఆస్తమా, సీఓపీడీ లేని బ్రాంకియెక్టాసిస్‌కి స్టెరాయిడ్ ఇన్హేలర్ మామూలుగా ఇవ్వమని గైడ్‌లైన్స్ చెప్పవు, సీఓపీడీలోనే అవి న్యుమోనియా రిస్క్ పెంచుతాయని రుజువైంది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే మనిషికి ఇది చిన్న విషయమా? అక్కకి అవసరమైతే వాడతాం. అవసరమా అని ఎప్పుడు ఎవరు చూశారు అనేదే ప్రశ్న.

5. అసలు కారణం వెతక్కపోవడం

అక్కకైతే టీబీ అని తెలుసు. కానీ ఎందరికో ఇమ్యూనిటీ లోపం ఉంటుంది, ఆస్పర్జిల్లస్ ఫంగస్‌కి అలర్జీ ఉంటుంది, పుట్టుకతో వచ్చే లోపాలుంటాయి. ఇమ్యూనోగ్లోబులిన్లు (ఇన్ఫెక్షన్‌తో పోరాడే యాంటీబాడీలు), ఆస్పర్జిల్లస్ టెస్ట్‌లు రక్తపరీక్షలే. కొన్ని కారణాలకి ప్రత్యేక వైద్యం ఉంది, వెతక్కపోతే జీవితాంతం దగ్గు సిరప్పే. ఏడాదికి మూడు లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఇన్ఫెక్షన్ ముదిరేవాళ్ళకి అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దీర్ఘకాలం ఇస్తే తగ్గుతాయని 2012, 2013ల్లో ట్రయల్స్ చెప్పాయి, కానీ అది మొదలుపెట్టే ముందు ఆ టీబీ చుట్టాలు లేవని కఫంలో చూడాలి, ఈసీజీ తియ్యాలి, వినికిడి సంగతి అడగాలి. మాకు ఆ మందు రాశారు, ఈ మూడింట్లో ఒక్కటీ చెయ్యలేదు, మేం అడిగాక చేశారు. 2025లో ఈ జబ్బు కోసమే మొట్టమొదటి మందు, బ్రెన్సోకాటిబ్, అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. సంతోషం. మా గొడవ కొత్త మందు గురించి కాదు, కఫం డబ్బా గురించి.

6. డిశ్చార్జ్ కాగితం

"కండిషన్ స్టేబుల్, కంటిన్యూ మెడికేషన్, రివ్యూ ఇన్ ఓపీ." ఇంతే ఉంటుంది. ఇంటికెళ్ళాక రాత్రి కఫం పచ్చగా మారితే ఏం చెయ్యాలి? దాచుకున్న యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా, ఆగాలా? ఆక్సీమీటర్‌లో ఎంత దిగితే రావాలి, అక్కకి మామూలుగానే తక్కువ ఉంటుంది కదా? కఫంలో రక్తపు చార ఒకటి, గ్లాసుడు రక్తం ఒకటి, రెండిటికీ ఒకే సలహానా? ఇవేవీ ఉండవు. దాంతో రెండే జరుగుతాయి, భయపడి అవసరం లేకున్నా పరిగెత్తుకొస్తాం, లేకపోతే మళ్ళీ ఏమంటారో అని ఆగి ఆగి ఆలస్యంగా వస్తాం. రెండోదే ప్రమాదం, రెండోదే ఎక్కువ జరుగుతుంది. బావ ఉద్యోగంలో సెలవులు అయిపోయాయి, మేనకోడలు ఒక పరీక్ష వదిలేసింది, ఇవన్నీ ఏ కేస్ షీట్‌లోనూ ఉండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ఇక మేం అడిగేవి. ఇందులో ఖరీదైన మిషన్ ఒక్కటి కూడా లేదు, చూడండి.

1. పాత ఊపిరితిత్తుల జబ్బుతో, ఇన్ఫెక్షన్‌తో వచ్చిన ప్రతి మనిషి దగ్గరా మొదటి యాంటీబయాటిక్‌కి ముందే కఫం శాంపిల్ తీసుకోవాలి, రాత్రయినా సరే. ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే ల్యాబ్‌కి పంపొచ్చు. ఎట్లా తియ్యాలో చెప్పే నాలుగు లైన్ల కాగితం డబ్బాతో పాటు ఇవ్వాలి.

2. డిశ్చార్జ్ తర్వాత వచ్చే కల్చర్ రిపోర్ట్ చూసి రోగికి ఫోన్ చెయ్యాల్సిన బాధ్యత ఫలానా మనిషిది అని పేరు పెట్టాలి. "ల్యాబ్ వాళ్ళు చెప్తారు, వార్డు వాళ్ళు చెప్తారు" అంటే ఎవరూ చెప్పరు.

3. ఎక్స్‌రే ఒక్కటే చూసి పాత టీబీ రోగికి మళ్ళీ టీబీ మందులు మొదలుపెట్టొద్దు. ఒకవేళ మొదలుపెట్టక తప్పదంటే కారణం కేస్ షీట్‌లో రాయాలి, మాకు చెప్పాలి.

4. ప్రతి చెస్ట్ ఓపీలో వారానికి ఒక్క పూటయినా ఫిజియోథెరపిస్ట్ కూర్చుని కఫం తీసే పద్ధతి, ఇన్హేలర్ వాడే పద్ధతి రోగికి, ఇంట్లో చూసుకునేవాళ్ళకి చేయించి చూపించాలి. చెప్పడం కాదు, చేయించి.

5. డిశ్చార్జ్‌తో పాటు మా భాషలో, ఒక్క పేజీలో ప్లాన్: ఈ మనిషికి మామూలు ఆక్సిజన్ ఎంత, ఎంత ఉంచాలి, ఆఖరి కల్చర్‌లో ఏమొచ్చింది, ఏ మందు పనిచేస్తుంది, ఏ లక్షణానికి ఇంట్లో ఏం చెయ్యాలి, దేనికి వెంటనే రావాలి, ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి. కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్ళకి ఆక్సిజన్ 88–92 అని పెద్దక్షరాల్లో కార్డు.

6. ఫ్లూ టీకా ఏటా, న్యుమోకాకల్ టీకా వేశారా లేదా అని ఓపీలో అడిగి ఫైల్లో రాయాలి. మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు, మేమే అడిగి వేయించుకున్నాం.

7. దగ్గుతో, జ్వరంతో వచ్చినవాళ్ళని, ఇలాంటి పాడైన ఊపిరితిత్తులున్నవాళ్ళని ఒకే ఇరుకు హాల్లో గంటలు గంటలు కూర్చోబెట్టొద్దు. చూపించుకోవడానికొచ్చి కొత్తది అంటించుకుని పోతున్నారు.

ఇంకో మాట, ఇదే జబ్బుతో ఉన్న ఇళ్ళవాళ్ళకి. మీ రిపోర్టులన్నీ ఫోటోలు తీసి ఒకచోట పెట్టుకోండి, కల్చర్ పంపారా, రిపోర్ట్ ఎప్పుడొస్తుంది అని ప్రతిసారీ నోరు తెరిచి అడగండి, గొడవపడ్డట్టు అనిపించినా అడగండి. మందు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు, ఈ లేఖ చూసి స్టెరాయిడ్ అర్ధాంతరంగా ఆపేస్తే అది ఇంకో ప్రమాదం.

ఈ ఏడు అంశాల మీద ఏది చేస్తారో, ఏది చెయ్యలేరో, ఎందుకు చెయ్యలేరో మాకు నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. "చూస్తాం" అనే మాట జవాబు కింద లెక్కపెట్టం. జవాబు రాకపోతే కల్చర్ రిపోర్ట్ కాపీ, టీబీ మందులప్పటి లివర్ రిపోర్ట్, మేం ముందిచ్చిన ఫిర్యాదుల కాపీలు జత చేసి ఇదే లేఖ ఆరోగ్య శాఖకి, మెడికల్ కౌన్సిల్‌కి పంపుతాం. కూర్చుని మాట్లాడదాం అంటే ఏ రోజైనా వస్తాం, అక్క బాగుంటే తను కూడా వస్తానంటోంది.

ఇట్లు,
కుటుంబం తరఫున తమ్ముడు